బస్సెక్కిపోయిన రొట్టె పిండి

ఓవెన్లో చీజు అంచులు ఎర్రబడేటప్పుడు ఒక వాసన వస్తుంది. వేగిన కరివేపాకు, పచ్చిమిర్చి ఘాటు, వెన్న కాచినప్పటి కమ్మదనం అన్నీ కలిసిన వాసన. ఆదివారం సాయంత్రాల్లో తిరుపతిలో మా అపార్ట్‌మెంటు మూడో అంతస్తు మొత్తానికీ అది తెలిసిపోతుంది. ఎదురింటి పిల్లలు ఏదో పనున్నట్టు వచ్చి మా గుమ్మంలో నిలబడతారు. నిన్న వాళ్లలో ఒకమ్మాయి "ఇదంతా మీకెవరు నేర్పించారాంటీ?" అని అడిగింది. ఒక బస్సు డ్రైవరని చెప్తే నమ్మలేదు. ఆ డ్రైవరును చూసి ఉంటే నమ్మేదే.

పదేళ్ల కిందట పలమనేరులో నాకు లెక్కల టీచరుగా ఉద్యోగం వచ్చింది. గుడి ఆఫీసులో పనిచేసే నాయన ఆ మాట కనపడినవాళ్లందరికీ చెప్పుకుని, నన్ను తీసుకెళ్లి ఒక మేడ మీది గదిలో అద్దెకు దింపి వచ్చారు. కింద ఇంటివాళ్లు జయరాజు మామ, ఆయన భార్య రూతమ్మత్త. మామ ఉద్యోగమంతా బెంగళూరు రోడ్డు మీద బస్సు నడపడంలోనే గడిచింది. అక్కడి బస్టాండు పక్క బేకరీలో ఒకరోజు చీజు బన్ను తిని, ఇది మనింట్లో ఎందుకు కాదని పట్టుబట్టారట. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. నేను వెళ్లేనాటికి రిటైరై, ఆ పట్టుదలనంతా వంటింట్లోకి తెచ్చారు.

ఆయనకు ఓవెన్ లేదు. పెద్ద అల్యూమినియం గిన్నె అడుగున ఇసుక పోసి, గ్యాసు పొయ్యి మీద బాగా వేడెక్కించి, రొట్టె పళ్లెం లోపల పెట్టి మూత వేసేవారు. మైదాపిండి, ఈస్టు, తురిమిన చీజు, పచ్చిమిర్చి, కరివేపాకు. నేను తినాలని గుడ్డు జోలికి పోయేవారు కాదు. "మీ నాయనొచ్చి అడిగినా దేవుని తోడు చెప్తా అమ్మణ్ణీ, గుడ్డు లేదని" అనేవారు. చిక్కంతా పిండి పొంగడం దగ్గరే. పలమనేరు చలికి అది ఉలకదు పలకదు. సర్వీసులో ఉన్నప్పుడు ఆ బాధ లేదట. పొద్దున్నే కలిపిన పిండిని స్టీలు డబ్బాలో పెట్టి, డ్రైవరు పక్కన కాలుతూ ఉండే ఇంజను బానెట్ మీద ఉంచేవారట. బెంగళూరు దారిలో ముళబాగిలు ఊరు దాటేసరికి మూత లేచేదట. "దీనికీ టికెట్టు తీసుకోమని కండక్టరు ఒకటే గలాటా" అని చెప్పి నవ్వేవారు. రిటైరయ్యాక బానెట్ పోయి దుప్పటి మిగిలింది. దుప్పటి చుట్టి పెట్టిన పిండి మీద ఆయనకు ఎప్పుడూ నమ్మకం కుదరలేదు.

కుదరని రొట్టెను ఆయన దాచేవారు కాదు. అదే నాకు పెద్ద వింత. ముక్కలు కోసి, వీధిలో ఇంటింటికీ తీసుకెళ్లి, "ఇది కుదర్లేదప్పా, పండ్లు జాగ్రత్త" అని ముందే చెప్పి చేతిలో పెట్టేవారు. రూతమ్మత్త తల కొట్టుకునేది.

"బాగొచ్చినప్పుడు పంచరాదా మనిషీ? వీధిలో పరువు తీస్తావుండావు."

"బాగొచ్చింది మనం తినేదానికే సాలదు గదే" అనేవారు మామ.

నా సంగతి ఇందుకు పూర్తిగా ఎదురు. చేరిన కొత్తలో ఒకరోజు బోర్డు మీద లెక్క చేస్తూ ఒక గుర్తు తప్పు వేశాను. పిల్లలు నవ్వారు. గబగబా చెరిపి ఇంకా పెద్ద తప్పు రాశాను. ఆ తర్వాత సుద్దముక్క పట్టుకుంటే చాలు, నా మాట ముందు బెంచీ దాటేది కాదు. వెనక బెంచీల్లో నా గొంతును అనుకరించడం రోజూ ఒక ఆటైపోయింది. ఇలా కొన్నాళ్లు గడిచాక, ఒక శుక్రవారం సాయంత్రం మెట్ల మీద కూర్చుని మామకు చెప్పేశాను. సోమవారం హెడ్మాస్టరుగారికి ఉద్యోగం మానేస్తానని చెప్పి, తిరుపతి వెళ్లిపోతానన్నాను. వెళ్తే నాయన మొహం ఎలా చూడాలో తెలియదు, ఉండటానికి ధైర్యం లేదు. ఏడుపొచ్చింది. మామ సలహా ఏమీ ఇవ్వలేదు.

"సోమారం గదా నువ్వు పొయ్యేది? ఆదివారం మా కోత పండగుండాది. అది సూసి పో" అన్నారు.

పంట చేతికొచ్చిన సంతోషానికి చర్చివాళ్లు చేసుకునే పండగది. ఇంటికొకటిగా కోడో, గుమ్మడికాయో, ఊరగాయ జాడీయో తెచ్చి ఇస్తారు. వాటిని ఆవరణలో వేలం వేసి, వచ్చిందంతా చర్చికే ఇచ్చేస్తారు. ఏటా గుమ్మడికాయ ఇచ్చే మామ ఆ ఏడు చీజు రొట్టె ఇస్తానని అందరిలో చెప్పేసి ఉన్నారు. శనివారం పొద్దున చూస్తే ముసురు. దుప్పటిని నమ్ముకుంటే లాభం లేదని, పిండి డబ్బా పట్టుకుని డిపోకు వెళ్లారు. అప్పుడే వచ్చి ఆగిన పాత స్నేహితుడి బస్సులో, బానెట్ మీద కాసేపు ఉంచుదామని పెట్టి టీ తాగడానికి పోయారు. ఉత్త చేతులతో తిరిగొచ్చి గేటు దగ్గరే నిలబడ్డారు.

"అమ్మణ్ణీ, పిండి చిత్తూరుకు పాయె!"

ఆ బస్సు మధ్యాహ్నానికి గానీ తిరిగి రాలేదు. పిండి పొంగి, మూత తోసి, బానెట్ మీదంతా పారి, మిగిలింది డబ్బాలో అణిగిపోయి ఉంది. పులిసిన వాసన. వేరే కలుపుదామంటే ఈస్టు అయిపోయింది, కావాలంటే బెంగళూరు నుంచి రావాల్సిందే. ఆ పిండితోనే రొట్టె కాల్చారు. చపాతీ పీటలా వచ్చింది. "మర్యాదగా గుమ్మడికాయ తీసుకోని పో" అంది రూతమ్మత్త. "రొట్టె ఇస్తానని చెప్పినా గదా, రొట్టే ఇస్తా" అన్నారు మామ.

మర్నాడు చర్చి ఆవరణ నిండా జనం. కోళ్లు, గుమ్మడికాయలు అమ్ముడుపోయాక, వేలం వేసే పెద్దాయన ఆ రొట్టెను పైకెత్తి అటూ ఇటూ తిప్పి, "ఇదేంది జయరాజూ?" అన్నారు. జనం గొల్లున నవ్వారు. మామ వేదిక ఎక్కి మైకు తీసుకున్నారు.

"ఇది చీజు రొట్టెప్పా. కుదర్లేదు. తప్పు నాదే. బస్సు కదిలే టయము సూసుకోకుండా టీకి పోయినాను. ఇది చిత్తూరు సూసి వచ్చింది. రుసి మాత్రం ఉండాది. వచ్చే ఏడు పొంగిన రొట్టె తెస్తా. నవ్విన నాపచేనే పండుతాది, సూస్తా ఉండండి."

ఇంకా నవ్వారు. క్లాసులో నేను భయపడే నవ్వు అచ్చం ఇలాంటిదే. ఆయన అందులో హాయిగా నిలబడి, తనూ నవ్వుతున్నారు. అయితే వేలం పాట మొదలుపెట్టమంటే ఒక్కరూ నోరు విప్పలేదు. పెద్దాయన మళ్లీ అడిగారు. మామ మొహంలో నవ్వు కొంచెం తగ్గింది. అది నేను ఓర్చుకోలేకపోయాను.

"నేను పాడతాను!" అని లేచాను. ఆ కేక ప్రహరీ గోడ దాకా వెళ్లింది. అన్ని తలలూ నావైపు తిరిగాయి. అవతలి వరసలో ఎవరో పోటీకి వచ్చారు. నాకు పంతం వచ్చింది, ఇంకా గట్టిగా పాడాను. మూడోసారి అనేసరికి రొట్టె నాదైంది. మామ మైకు వదల్లేదు. "సూసినారా మా టీచరమ్మ గొంతు!" అని ఊరందరికీ వినిపించారు.

సాయంత్రం నాయనకు ఫోన్లో చెప్పాను. "చర్చిలో వేలం పాడినావా!" అని, వెంటనే "గుడ్డు లేదు గదా?" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. ఉద్యోగం మానేస్తానని చెప్పబోయి మానుకున్నాను.

సోమవారం హెడ్మాస్టరుగారి గది దాటుకుని నేరుగా క్లాసుకు వెళ్లాను. ముందు పిండి చిత్తూరు వెళ్లొచ్చిన కథ చెప్పాను. పిల్లలు బెంచీలు చరిచి నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత లెక్క మొదలుపెట్టాను. సగంలో వెనక బెంచీ నుంచి ఒక పిల్ల లేచి, "టీచర్, ఆడ గుర్తు మారిపాయె" అంది. చూస్తే నిజమే.

"అవును, తప్పు నాదే. నువ్వొచ్చి దిద్దు" అన్నాను. నా గొంతు చివరి బెంచీ దాకా వినిపించింది. ఆ పిల్ల వచ్చి దిద్దింది. ఎవరూ నవ్వలేదు. లెక్క ముందుకు సాగింది.

తర్వాతి ఏడు మామ నిజంగానే పొంగిన రొట్టె తెచ్చారు. జనం పోటీలు పడి పాడారు, నాకు దక్కలేదు. నాకు తిరుపతికి బదిలీ అయ్యాక కూడా సెలవుల్లో వెళ్లి చూసి వచ్చేదాన్ని. ఆయన పోయి రెండేళ్లయింది. తలుచుకుంటే దుఃఖం కంటే ముందు నవ్వే వస్తుంది, ఆ తర్వాత దుఃఖమూ వస్తుంది. ఇప్పుడు మా స్కూల్లో కొత్తగా చేరిన టీచర్లు నా క్లాసు చూడటానికి వస్తుంటారు. మొన్న ఒకమ్మాయి, బోర్డు మీద నా తప్పును పిల్లలు పట్టుకోవడం చూసి, బయటికొచ్చాక "అందరి ముందూ అలా ఒప్పేసుకుంటే భయం వెయ్యదా మేడమ్?" అని అడిగింది. వేస్తుందన్నాను. ఇప్పటికీ వేస్తుంది. భయం వేసినప్పుడే ఇంకాస్త గట్టిగా చెప్తాను.