కారణం: తెలియదు

జగ్గయ్యపేట బజారులో ఎండుచేపల గంపలు దించే చోటు దాటేటప్పుడు ఇప్పటికీ నా అడుగు తడబడుతుంది. మిగతావాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వెళ్లిపోతారు. నాకు మాత్రం ఆ వాసన తగలగానే బందరు అవతలి ఇసుక ఒడ్డు, ఆ ఒడ్డున చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నిలబడ్డ గ్రేస్ మేడమ్ కళ్ల ముందుకు వస్తారు.

గ్రేస్ మేడమ్ నందిగామలో జువాలజీ లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యారు. నేను ఇంటర్‌లో ఆవిడ దగ్గర చదువుకుని, తర్వాత జగ్గయ్యపేటలో సైన్సు టీచరునయ్యాను. రిటైరయ్యాక ఆవిడ ఊరుకోలేదు. ఆసక్తి ఉన్న నలుగురినీ పోగేసి, సెలవు వస్తే బస్సెక్కించి సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లేవారు. అక్కడ కనిపించిన పీతనూ, గవ్వనూ, కొట్టుకొచ్చిన చేపనూ ఫొటో తీసి, ఎక్కడ ఏ స్థితిలో చూశామో ఒక వెబ్‌సైటులో నమోదు చేసేవాళ్లం. ఎక్కడెక్కడివాళ్లో అలా పెట్టినవన్నీ కలిపి చూస్తే తీరంలో ఏది తగ్గుతోందో, ఏది పెరుగుతోందో శాస్త్రవేత్తలకు తెలుస్తుందట. “సముద్రం లేని ఊరివాళ్లం, మనకెందుకు మేడమ్?” అని మొదట్లో అడిగాను. “మున్నేట్లో మనం పారేసిందంతా ఎక్కడికి పోద్దనుకుంటన్నావ్ పద్మా? కృష్ణలో కలిసి అక్కడికే గదా! ఒకసారి చూసి రావద్దా?” అన్నారు.

నాకు చిన్నప్పటినుంచీ అన్నిటికీ భయమే. బస్సు తప్పిపోతుందేమో, అల లోపలికి లాగేస్తుందేమో, నేను రాసిన చేప పేరు తప్పయితే ఎవరైనా నవ్వుతారేమో అని. మేడమ్ పక్కన నడిచినంతసేపూ ఆ గుబులు కాస్త తగ్గేది. ఆవిడకు భయమన్నది తెలియదనే అనుకునేదాన్ని.

ఒక చలికాలం ఉదయం ఒడ్డున దిగేసరికి తాబేళ్లు చచ్చి పడి ఉన్నాయి. గుడ్లు పెట్టడానికి వచ్చే కాలం అది. ఒకటి చూసి అయ్యో అనుకునేలోపే ఇంకొకటి, దాని అవతల మరొకటి. పెద్ద పెద్ద డిప్పలు, ఉబ్బిన మెడలు, ఈగలు. మాతో వచ్చిన బట్టల కొట్టు రమణగారికి ఆవేశం వచ్చింది. “ఇంకా ఏం చూస్తారండీ? వలల్లో పడి చచ్చాయని రాసి పడేయండి. అందరికీ తెలిసిందేగా” అన్నారు. మేడమ్ వంగి ఒక్కొక్కదాని మెడనూ రెక్కలనూ పరీక్షగా చూశారు. “వలలో పడటం మీరు చూశారా రమణగారూ? నేను చూళ్లేదు. కారణం తెలియదని రాయి పద్మా” అన్నారు.

ఫోనులో అదే రాస్తుండగా వెనకనుంచి కేకలు వినిపించాయి. దగ్గర్లో పడవలు కట్టుకున్న జాలర్లు పదిమంది దాకా మా చుట్టూ చేరారు. ఒక కుర్రాడు నా చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. ఇక్కడినుంచి కేకేస్తే వినే మనిషి కూడా లేడన్న సంగతి అప్పుడే తోచింది.

“ఏందమ్మా ఈ ఫొటోలు? రేపు ఆఫీసర్లొచ్చి ఏట మానుకోమంటే మా పిల్లలకు మీరు పెడతారా కూడు?” అన్నాడు వాళ్లలో పెద్దాయన. ఆయన పేరు నాంచారయ్య అని తర్వాత తెలిసింది. “తీసెయ్యండి. అన్నీ తీసెయ్యండి.”

తీసేద్దాం మేడమ్ అన్నట్టు ఆవిడ వైపు చూశాను. మేడమ్ కుర్రాడి ముందుకు చెయ్యి చాపారు. “ఫోను ఇవ్వు బాబూ. అందులో ఏం రాశామో మీకే చదివి వినిపిస్తా” అన్నారు. నాంచారయ్య సైగ చేస్తే వాడు ఇచ్చాడు. ఆవిడ పైకి చదివారు. కారణం తెలియదన్న చోట నాంచారయ్య అడ్డుపడ్డాడు.

“మీరు తెలీదని రాస్తే, ఆఫీసులో కూర్చున్నోళ్లు తెలిసినట్టే చదువుకుంటారమ్మా. చివరాఖరికి మా మీదికే వస్తారు.”

“నిజమే అయ్యా. వాళ్లు ఎలా చదువుతారో నా చేతుల్లో లేదు” అన్నారు మేడమ్. “చచ్చినవాటిని చావలేదని మాత్రం రాయలేను. మీరు చెప్పేది కూడా కింద రాస్తా, పేరు లేకుండా. ఏమంటారు?”

ఆయన మెల్లగా, పెద్ద మరపడవలు ఒడ్డు దాకా వస్తున్నాయని, వాటి దెబ్బకు తమ చిన్న వలలు కూడా తెగిపోతున్నాయని చెప్పాడు. మేడమ్ ఆ మాటల్ని ఉన్నదున్నట్టు రాసి, మళ్లీ చదివి వినిపించి, తన నంబరు ఆయనకిచ్చారు.

ఇంటికి వచ్చాక నాకు నిద్ర లేదు. ఆ ఫొటోలు ఎవరెవరో పంచుకున్నారు. అధికారులు ఆ ఊరు వెళ్లారని తెలిసింది. పాఠం చెబుతూ కూడా నాంచారయ్య ముఖమే తలుచుకునేదాన్ని. మా వల్ల వాళ్ల పడవలు ఆగిపోతే? ఉండబట్టలేక నందిగామ వెళ్లాను. “మీకు భయం వెయ్యట్లేదా మేడమ్?” అని అడిగేశాను. ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతున్నారు. చేట పక్కన పెట్టి, “ఎందుకు వెయ్యదు? లేస్తూనే ఫోను చూసుకుంటన్నా, ఎవరికేమయిందోనని. ప్రార్థన మధ్యలో కూడా అదే గుర్తొస్తంది” అన్నారు. చెయ్యి చాపి చూపించారు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. ఆ ఒడ్డున కుర్రాడి ముందు చాపింది ఆ చేతినే.

అధికారులు ఎవరి వేటనూ ఆపలేదు. పెద్ద పడవల సంగతి అడిగి రాసుకుని వెళ్లారని నాంచారయ్యే మేడమ్‌కు ఫోను చేసి చెప్పాడు. ఆ వర్షాకాలంలో మేడమ్‌కు గుండె జబ్బు ముదిరింది. ఆసుపత్రికి తీసుకెళ్లారు గానీ ఇంటికి తిరిగి రాలేదు.

మళ్లీ చలికాలం వచ్చింది. ఒక ఉదయం బడికి బయలుదేరుతుంటే తెలియని నంబరునుంచి ఫోను. “నాంచారయ్యనండీ. మేడమ్‌గారి ఫోను పలకట్లేదు. మీ నంబరు ఆ రోజే రమణగారు రాసిచ్చారు.” మేడమ్ పోయిన సంగతి చెప్పాను. “అయ్యో తల్లీ” అని, తర్వాత ఫోను చేసిన సంగతి చెప్పాడు: “తాబేలొకటి ఒడ్డుకొచ్చిందమ్మా. వల ముక్క మెడకు చుట్టుకుంది. ఊపిరుంది. ఏం చెయ్యమంటారు?”

తప్పు చెబితే అది చచ్చిపోతుంది. అడగడానికి మేడమ్ లేరు. ఆవిడ ఎప్పుడో చెప్పింది గుర్తు చేసుకుంటూ, “జాగ్రత్తగా వల కోసెయ్యండి. నీడన పెట్టి తడిగుడ్డ కప్పండి. తేరుకున్నాక వదలండి” అన్నాను. మధ్యాహ్నం దాకా ఫోను గుప్పిట్లోనే ఉంది. చివరికి ఫొటో వచ్చింది, వెంటనే ఆయన గొంతు: “పోయిందమ్మా, లోపలికి పోయింది.” అది బతికిందో లేదో నాకు తెలియదు. ప్రాణంతో వదిలారని మాత్రమే రాశాను.

ఇప్పుడు మా బడి పిల్లల్ని నేనే తీసుకెళ్తున్నాను. బయలుదేరే ముందు రోజు అన్నం సయించదు. ఒడ్డున ప్రతి అలకూ పిల్లల్ని లెక్కపెట్టుకుంటాను. చూసింది రాసి పంపేటప్పుడు వేలు వణుకుతుంది. అయినా పంపుతాను. భయం పోయాక చేద్దామని ఏ పనీ ఆపుకోవడం లేదు. మేడమ్‌కు కూడా అది ఏనాడూ పోలేదు.