బాలింతకు బొప్పాయి

జూలై, రెండో శనివారం, ఎడ్మండ్‌సన్ పార్క్ అనే పేటలో మా అమ్మాయి ఇల్లు. ఉన్నవాళ్లు: నేను, మా అమ్మాయి సుధ, మూడు వారాల మనవరాలు, సుధ మే ఆంటీ అని పిలిచే పక్కింటావిడ, ఆవిడ తెచ్చిన మట్టికుండ.

డైరీలో ముందు తేదీ, తరవాత మనుషుల పేర్లు రాయడం నాకు ఉద్యోగం రాకముందు నుంచీ అలవాటు. ఆ రోజు కుండను కూడా ఆ వరసలోనే రాశాను. సుధకు పాలు చాలడం లేదు. ఏడ్చి ఏడ్చి పాప గొంతు బొంగురుపోయింది. కాంటన్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన చైనీయురాలు మే ఆంటీ, తమ ఇళ్లలో బాలింతలకు చేసే సూప్‌ను పొద్దుటి నుంచీ సన్నసెగ మీద కాచి తెచ్చింది. మూత తీస్తే అల్లం వాసన, చేప వాసన, వాటి వెనక నాకు బాగా తెలిసిన ఇంకో వాసన. గరిటెతో కలిపాను. అడుగున పచ్చి బొప్పాయి ముక్కలు. మూత పెట్టేశాను.

కోనసీమలో మా పెరట్లో నూతి పక్కన బొప్పాయి చెట్టు ఉండేది. అమ్మ కడుపుతో ఉన్నన్నాళ్లూ మా నాయనమ్మ దాని కాయల్ని పిందెలప్పుడే కోయించి పారేయించేది. ఒక్క ముక్క తిన్నా కడుపు పోతుందని నన్ను భయపెట్టింది. శ్రావణమాసపు ముసురులో తమ్ముడు పుట్టాక, అమ్మ గదంతా సాంబ్రాణి పొగ, బాలింతలకు పెట్టే కాయం ఉండల ఘాటు, వెల్లుల్లి కారం, పాలసొర చేప పిట్టు వాసనలతో నిండిపోయేది. గుమ్మంలో నాయనమ్మ కాపలా. ఎవరింటి నుంచి గిన్నె వచ్చినా మూత తీసి వాసన చూసి, తెచ్చినవాళ్ల మొహం చూసి, నవ్వుతూ పుచ్చుకుని, వాళ్లు మలుపు తిరగగానే పశువుల కుడితిలో పోసేది. నేను అమ్మకు దొంగచాటుగా ఏమైనా పెట్టానేమోనని నా చేతులు కూడా వాసన చూసేది.

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం తనే పచ్చికాయ కోసి, పాలు కారుతున్న దాన్ని కొంగు చాటున వంటింట్లోకి తీసుకెళ్లింది. సన్నగా తరిగి పెసరపప్పుతో ఉడికించి అమ్మకు పెట్టింది. వాళ్లిద్దరికీ పడదని నాకు తెలుసు. గడప మీద కూర్చుని అమ్మ తినే ప్రతి ముద్దా చూశాను.

"ఏటే అలా చూత్తన్నావు? మీ అమ్మకి మందెడతన్నాననుకున్నావేటి?" అంది నాయనమ్మ.

అవునన్నాను. ఆవిడ కోప్పడలేదు. ఒక ముద్ద తను తిని, ఒకటి నా నోట్లో పెట్టింది. మర్నాటికి అమ్మ రవిక పాలతో తడిసింది. తమ్ముడు కడుపు నిండి నిద్రపోయాడు. అయినా ఇన్నేళ్లూ నాకు మొదటి భయమే గుర్తుండిపోయింది.

"అమ్మా, అది ప్రెగ్నెన్సీలో కదా వద్దనేది. నాకు డెలివరీ అయిపోయింది, ఇదిగో," అని, నేను కుండ మూత పెట్టేయడం చూసి సుధ పాపను చూపించింది.

ముందు నేనొక చెంచాడు తాగాను. ఈలోగా మే ఆంటీ మా కాయం సీసా మూత తీసి వాసన చూసింది. ఇది సుధకెందుకు పెడుతున్నావని తన ఇంగ్లీషులో అడిగింది. నేను చెప్పింది నమ్మక, చిటికెడు నోట్లో వేసుకుని మొహం చిట్లించింది. సుధ మొదటి గిన్నె తాగేదాకా కదల్లేదు. మిగిలింది పారేయొద్దని రెండుసార్లు చెప్పి వెళ్లింది.

మర్నాడు పొద్దున సుధ టీషర్టు తడిసి ఉంది. పాప నిద్రపోతోంది. ఇప్పుడు ఆ పెరడు లేదు, పిట్టు చేసే చేతులు లేవు, కాయం కూడా కొనుక్కొచ్చిందే. మే ఆంటీ కుండ కోసం వచ్చింది. మూత తీసి అడుగు చూసింది. నాయనమ్మ పోయాక నన్నింత శ్రద్ధగా అనుమానించినవాళ్లు లేరు. నేను టీ పెట్టడానికి అటు తిరగగానే, మా చెత్తబుట్ట మూత కూడా ఎత్తి చూసింది.