కారం చెయ్యి

మాట్లాడే ముందు పమిట మెడచుట్టూ లాక్కోవడం ఆమెకు అలవాటు. గుంటూరు మిర్చి యార్డులో తొడిమలు తీసే మనిషి. ఇరవయ్యేళ్ల కిందట, కూలి కూడబెట్టుకుని, మెడ మీది వెంట్రుకలు తీయించుకోవడానికి నేను పనిచేసే స్కిన్ క్లినిక్‌కి వచ్చింది.

"మెడ చర్మం పల్చన, పైగా ఎండకు కమిలింది. ముందు కాస్త చోట లేజర్ వేసి, వారం ఆగి చూడు" అని డాక్టరుగారు నాకు చెప్పారు. ఆ రోజు పేషెంట్లు ఎక్కువ. గడ్డానికి పెట్టే ఎక్కువ పవర్‌తోనే మెడంతా కానిచ్చేశాను.

వారం తిరక్కుండా బొబ్బలతో వచ్చింది.

"కారం చేత్తో ముట్టుకున్నానమ్మా. అందుకేనా?"

అబద్ధం ఆమే అందించింది.

"అవును, వద్దని చెప్పాను కదా" అన్నాను. చెప్పనే లేదు.

"నాదే తప్పు. డాక్టరుగారితో అనబాకమ్మా, తిడతారు" అంటూ పమిట లాక్కోబోయి, మంటకు చెయ్యి వెనక్కి తీసుకుంది.

నేను అనలేదు. ఆమె కోసం కాదు.