రెండో గీత

ప్రసన్న నోరు మంచిది కాదని త్రిపురాంతకం పక్కనున్న వాళ్ళ పల్లెలో ఎవర్నడిగినా చెబుతారు. అబద్ధం. నోరు మంచిదే, ఊరుకోవడమే చేతకాదు. ఏడో తరగతిలో ఉండగా, గొర్రెపోతు వయసు తక్కువ చేసి చెబుతున్న బేరగాణ్ణి పదిమందిలో పట్టుకుంది. పోతు నోరు తెరిచి పళ్ళు చూపించి మరీ నిలదీసింది. గొర్రెలు కాసే వాళ్ళ నాయన నాగులు ఆ సాయంత్రం కూతురి తరఫున వెళ్ళి ఆ బేరగాణ్ణి బతిమాలుకొచ్చాడు. నాగులు అంతే. జీవాల దగ్గర పులి, ఇస్త్రీ చొక్కా కనిపిస్తే పిల్లి.

ఇంటర్ పాసై, మార్కాపురంలో డిగ్రీ చేరతానని ప్రసన్న అంటే నాగులు ఒకే ఒక్క షరతు పెట్టాడు.

"కాలేజీ నుంచి నీ మీద ఒక్క మాట వచ్చిందా, పుస్తకాలు మూట గట్టి జీవాల ఎంట పోవాల్సిందే. ఆ సార్ల ముందర నిలబడి మాట్లాడేది నా వల్ల గాదు."

తల్లి రమణమ్మ పొయ్యి దగ్గర నుంచి సరేననమని కళ్ళతోనే సైగ చేసింది. ప్రసన్న సరేనంది. అనకపోతే పంపించేదెవరు!

యూనివర్సిటీ వాళ్ళు ఆ ఏడే మొదటి సంవత్సరం పిల్లలకు సైకాలజీ పెట్టారు. పల్లెలో ఆ సంగతి తెలిసి, పిచ్చోళ్ళ చదువంట అని మూతులు తిప్పారు. ఒకామె అయితే పొద్దున్నే దారికి అడ్డం నిలబడి, "ఏమ్మే, నా మనసులో ఏముండాదో జెప్పు జూద్దాం" అంది. "నా బస్సు తప్పించాలని ఉండాది గదత్తా" అని ప్రసన్న పరుగు తీసింది.

ఎవరేమన్నా ఆమెకు ఆ చదువు పట్టుకుంది. మనిషి ఎందుకు భయపడతాడు, ఒంటరిగా ఉన్నప్పుడు ఉన్న ధైర్యం నలుగురిలో ఎక్కడికి పోతుంది, ఇట్లాంటివి అడగడానికి ఒక శాస్త్రం ఉందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. బస్సులో నిలబడి కూడా చదివేది.

ఆ పాఠం చెప్పే నిత్యానందం సారు కొత్తగా చేరిన కుర్రవాడు. బాగానే చెబుతాడు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు జరగకపోతే మాత్రం తట్టుకోలేడు. ఒకరోజు పలక పట్టుకుని క్లాసుకు వచ్చాడు. పలక మీద ఎడమవైపు ఒక గీత, కుడివైపు మూడు గీతలు. ఎడమ గీతకు సమానమైనది ఏదో ఒక్కొక్కరే పైకి చెప్పాలన్నాడు. రెండోదని చంటిపిల్ల కూడా చెబుతుంది. మొదటి అబ్బాయి లేచి "మూడోది" అన్నాడు. తర్వాతి అమ్మాయి కూడా మూడోదే అంది. వరస అంతా మూడు, మూడు, మూడు. రోజూ ప్రసన్న పక్కన కూర్చునే హరిత కూడా తల వంచుకుని మూడే అంది. చివర మిగిలింది ప్రసన్న.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. ఇంతమందికీ కళ్ళు పోయాయా, తనకే పోయాయా?

"రెండోది సార్."

"సరిగ్గా చూడమ్మా. అందరూ మూడంటున్నారు."

"అంటే అననీ సార్. రెండోదే."

సారు ఇంకో విడత అడిగించాడు. మళ్ళీ అందరూ మూడే. ప్రసన్న జవాబు మారలేదు. నిత్యానందం విసుగ్గా పలక బల్ల మీద పెట్టాడు. "ఇదంతా నాటకం. తప్పు చెప్పమని వీళ్ళకు ముందే చెప్పి పెట్టాను. చుట్టూ అందరూ తప్పు చెబితే మనిషి తన కళ్ళను తనే నమ్మడు, గొర్రెలా మంద వెనకాలే పోతాడు. అది చూపిద్దామనుకున్నా. ఈ అమ్మాయికి ప్రశ్నే అర్థమైనట్టు లేదు, పల్లె నుంచి వస్తోంది కదా. ఈ ఫలితం రికార్డులో రాయకండి."

క్లాసంతా గొల్లుమంది. ప్రసన్న ఊరుకోలేదు. లేచి నిలబడింది.

"ప్రశ్న అర్థమైంది సార్. నాకు కనపడిందే చెప్పినా. కొందరు లొంగరని పుస్తకంలోనే ఉండాది గద సార్. నన్ను ఆ కొందర్లో రాయండి."

"కూర్చో."

"రాస్తే కూసుంటా సార్."

ఇంకేముంది! సారు ముఖం జేవురించింది. తండ్రిని తీసుకొచ్చి, ఆయన ఎదురుగా సారీ చెప్పాకే క్లాసులో అడుగు పెట్టమన్నాడు.

హరిత బయటిదాకా వెంటపడింది. "సారు చెప్పమంటేనే చెప్పినాం ప్రసన్నా. సారీ అనెయ్, ఏం పోతాది? చదువు నిలబడతాది."

"కనపడింది చెప్పినందుకు సారీ ఏందే? నేను చెప్పను."

మర్నాడు నాగులు జీవాలను రమణమ్మకు అప్పజెప్పి, ఉతికిన పంచె కట్టుకుని, కూతురితో కలిసి బస్సెక్కాడు. మార్కాపురంలో దిగాక, "సారీ జెప్పి, పుస్తకాలు తీసుకో. ఈ చదువు చాలు, ఇంటికి పోదాం. నీకు ముందే జెప్పినా" అన్నాడు. ప్రసన్నకు ఏడుపొచ్చింది. ఏడవలేదు.

స్టాఫ్ రూములో నిత్యానందంతో పాటు ఇంకో ముగ్గురు లెక్చరర్లు ఉన్నారు. నాగులు చేతులు కట్టుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. రమ్మంటే రెండడుగులు వేశాడు.

"నీ కూతురు తెలివైనదే పెద్దాయనా, మొండితనమే ఎక్కువ. ఈ పలక మీద ఏది సమానమని అడిగితే క్లాసంతా మూడోది అన్నారు. ఈ సార్లు కూడా మూడోదే అంటున్నారు. ఈమె ఒప్పుకోదు." నిత్యానందం పలకను అతని ముందుకు జరిపాడు. "నువ్వే చెప్పు, ఏది?"

నాగులు పలకను చూశాడు. తర్వాత సార్ల ముఖాలు చూశాడు. అవతలి గట్టు మీద కుంటుతున్న గొర్రెను ఇవతల నిలబడి గుర్తుపట్టే కళ్ళు ఆయనవి.

"సార్లంతా అంటుంటే... మూడోదే సార్."

నిత్యానందం పగలబడి నవ్వాడు. "చూశారా? పుస్తకంలో ఉన్నట్టే చేశాడు. దీన్ని రాసుకోవచ్చు" అని పక్క సారు భుజం తట్టాడు.

"నవ్వొద్దు సార్!"

ప్రసన్న కేక వరండా దాకా వినపడింది. "మా నాయనకు కళ్ళు బాగానే కనపడతాయి. మీకు భయపడి అట్ల అన్నాడు. మిమ్మల్ని నమ్మి వచ్చిన మనిషిని నవ్వులాటకు పెడతారా? భయపడినోళ్ళను రాసుకుంటారు, భయపడనోళ్ళను కొట్టేస్తారు. ఇదేం శాస్త్రం సార్? నేను సారీ చెప్పను."

చదువు పోయినట్టేనని ఆమెకు తెలుసు. పోతే పోనీ అనుకుంది.

నాగులు కూతురి జబ్బ పట్టుకున్నాడు. "ఏందమ్మా? ఏం జేసినారు నన్ను?"

"వాళ్ళంతా కావాలనే తప్పు చెప్పినారు నాయనా. నువ్వు కూడా వాళ్ళ ఎనకాలే పోతావేమోనని చూసినారు. నీకు ఏది కనపడింది?"

నాగులు మళ్ళీ పలక వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. కూతురి జబ్బ వదిలి, భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"రెండోది," అన్నాడు నేల చూపులు చూస్తూ. తర్వాత తలెత్తి నిత్యానందం కళ్ళలోకి చూశాడు. "రెండోదే సార్. నాకు ముందే కనపడింది. పిల్ల సారీ చెప్పదు."

ఆ గదిలో ఎవరూ నవ్వలేదు. నాగులు కుర్చీ లాక్కుని నిత్యానందానికి ఎదురుగా కూర్చున్నాడు.

"నువ్వు క్లాసుకు పోమ్మా. సారుతో నేను మాట్లాడతా."