మా బావ మూడో ఏటి నేరేడు వైన్

వైన్ తాగే ముందు గ్లాసును గుండ్రంగా తిప్పాలనీ, తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడాలనీ, ఆ పైన ఒకే ఒక్క గుక్క నోట్లో పోసుకుని ఆలోచనలో పడాలనీ నాకు నేర్పింది మా బావ. ఆయన ఇంట్లో గాజు గ్లాసులు లేవు కాబట్టి స్టీలు గ్లాసే తిప్పేవాణ్ణి. "రంగెట్లున్నది రా?" అని అడిగేవాడు. "స్టీలు రంగే బావా" అనేవాణ్ణి. ఆయనకు కోపం రాదు. అదొక పెద్ద లోపం ఆయనలో.

బావ ఫ్యాక్టరీ ల్యాబులో ఇరవై ఏళ్లు చేసి, ఉద్యోగం ముందే వదులుకుంటే డబ్బిస్తామని కంపెనీ అనగానే, అదే మంచిదని అందరికీ తోచిన ఆ రోజుల్లో తనూ వదులుకున్నాడు. ఆయనతో పాటు బయటికొచ్చినవాళ్లు బుద్ధిగా ఆటో కొనుక్కున్నారు, కిరాణా కొట్టు పెట్టుకున్నారు. ఈయన మాత్రం వైన్ చేస్తానన్నాడు. ఎప్పుడో ట్రైనింగుకని నాసిక్ పంపితే అక్కడ చూసొచ్చాడట. బూర్గంపాడులో ద్రాక్ష వేశాడు. మన ఎండకు తీగలన్నీ వేగిన అప్పడాలయ్యాయి. అప్పుడు అడవి నేరేడు మీద పడ్డాడు. "ఎండ దేశపు వైన్ల పండే ముందు మాట్లాడాలె రా" అనేవాడు. ఆ ఇంట్లో అప్పటికి మాట్లాడేది ఆయనొక్కడే. మా అక్క మానేసి చాలా రోజులైంది.

మొదటి ఏడు చేసింది పులిసి, ఇత్తడి గిన్నెలు తోమడానికి బ్రహ్మాండంగా పనికొచ్చింది. రెండో ఏడు చేసింది మాత్రం, ఒప్పుకోక తప్పదు, బాగుంది. ముందు నేరేడు, వెనకాలే నాలుక మీద వగరు, గొంతు దిగేటప్పుడు సన్నగా మిరియపు ఘాటు. హైదరాబాద్ నుంచి వచ్చిన, హోటళ్లకు మందు సరుకు వేసే పెద్దమనిషి ఒకాయన రుచి చూసి, వచ్చే ఏడు కూడా ఇలాగే కుదిరితే తను భాగస్వామిగా చేరి, లైసెన్సు సంగతి చూసుకుంటానన్నాడు. అక్క కూడా నోరు విప్పింది. "ఈ ఒక్క ఏడు సూస్త. గాకపోతే నువ్వు ఖమ్మం కాలేజీల ల్యాబు పనికి పోవాలె. మల్ల వైన్ మాట ఎత్తొద్దు." బావ సరేనన్నాడు.

మూడో ఏడు పండు ఎక్కువ కావడంతో, కడిగి పిసకడానికి పక్క కోయ గూడెం నుంచి ఒక అవ్వను పిలిచాడు. ఇప్పపువ్వు నానబెట్టి, పులియబెట్టి, పొయ్యి మీద బట్టీ పెట్టి సారా తీయడంలో ఆమె చేతికి చుట్టుపక్కల గూడేలన్నిటిలో పేరుంది. అలాంటి మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, పండు ఎలా పులుస్తుందో మా బావ పాఠం చెప్పేవాడు. తాతకు దగ్గులు నేర్పడమంటే అదే. ఆమె ఓపికగా వినేది. ఒకరోజు నా దగ్గర మెల్లగా అంది: "పెద్దసారుకు పని సగమే తెల్సు. పులిసినంక పొయ్యి ఎక్కియ్యడట, గట్లనే ఉంచుతడట." వైన్ అంటే అంతేనని, దాన్ని కాచకూడదని నేను చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఆ మాటను సెంటర్లో పదిమందికి చెప్పి నవ్వించాను.

ఐదు డ్రమ్ముల్లో రసం పొంగు మీదుండగా బావకు మలేరియా వచ్చింది. భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయే ఆటోలో, రెండు దుప్పట్ల కింద వణుకుతూ నాకు అప్పగింతలు పెట్టాడు. "రోజుకోసారి పోయి సూడు రా. పొంగు తగ్గినంక మూతలు బిగియ్యి. ఇంకేం ముట్టకు." అక్క కూడా ఆయన వెంట పోయింది. నేను మొదటి రోజు పోయాను. రెండో రోజు వాన పడింది. మూడో రోజు వాన పడలేదు గానీ, పోలేదు.

నాలుగో రోజు అవ్వ సెంటర్లో నేను నడిపే ఎస్టీడీ, జిరాక్స్ బూత్‌కే వచ్చింది. ఫోన్ కోసం ముగ్గురు నిలబడి ఉన్నారు.

"సారూ, పొంగు తగ్గింది. ఇగ ఆలిశమైతే పులుపెక్కి చెడిపోతది. పెద్దసారు లేకపాయె. ఏం జెయ్యాలె?"

"నీకు తెల్వని పనా అవ్వా? మీ ఇంట్ల ఎట్ల జేస్తవో గట్లనే జెయ్" అన్నాను.

ఆ ముగ్గురూ నవ్వారు. అవ్వ నవ్వలేదు. మంచిదని తలూపి వెళ్లిపోయింది. నేను నిజంగా అంత తెలివితక్కువవాణ్ణి కాదు. కాకపోతే నలుగురి ముందు నోరు ఆగదు.

ఆమె గూడెం నుంచి తన కుండలు, గొట్టం, తోడుగా ఇద్దరు ఆడవాళ్లను తెచ్చుకుని రెండు రోజులు బట్టీ పెట్టింది. నేనప్పుడూ అటు పోలేదు. ఐదు డ్రమ్ములూ ఖాళీ చేసింది. మొదటి చుక్కలు నేల మీద దేవతకు పోసి, మిగిలిందంతా బావ వైన్ కోసం దాచుకున్న సీసాల్లోకి పట్టి, వరసగా నిలబెట్టింది. తను గుక్కెడు కూడా తాగలేదు.

ఎనిమిదో రోజు బావ ఇంటికొచ్చాడు. కొత్త సరుకు రుచి చూడటానికి రెండు రోజుల్లో హైదరాబాద్ ఆయన రావాలి. డ్రమ్ములు శుభ్రంగా కడిగి బోర్లించి ఉన్నాయి. సీసాల్లో నీళ్లలా తెల్లగా సారా ఉంది. అవ్వ ఎదురొచ్చి, "చెడకముందే తీసిన సారూ. చుక్క గూడ పారబొయ్యలే" అంది. ఆ మొహంలో ఎంత సంతోషమో.

బావ ఒక సీసా మూత తీసి వాసన చూశాడు. తిప్పలేదు. మెల్లగా గడప మీద కూర్చున్నాడు.

"గిట్ల జెయ్యమని ఎవలన్న చెప్పిన్రా అవ్వా?"

ఆయన మొహం చూసేసరికి ఏదో పొరపాటు జరిగిందని ఆమెకు అర్థమైంది. నా వైపు చూసింది. నేను సీసాల వైపు చూశాను.

"ఎవలు జెప్తరు సారూ. నాకే తోచింది" అంది.

"నీ పని నువ్వు మంచిగనే జేసినవ్" అన్నాడు బావ. సీసాలన్నీ ఆమెనే తీసుకుపొమ్మన్నాడు. తర్వాత నా బూత్‌కొచ్చి, హైదరాబాద్ ఫోన్ చేసి, ఈ ఏడు సరుకు లేదు, రావద్దని చెప్పాడు. అంతసేపూ నేను జిరాక్స్ మిషన్ తుడుస్తూ నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఎప్పుడూ ఆగని నోరు, ఆ రోజు ఆగింది.

బావ ఖమ్మం పోయే ముందు రోజు అక్క నన్ను భోజనానికి పిలిచింది. చేపల పులుసు. పెద్ద ముక్క నా కంచంలో వేస్తూ అంది: "ఆయనకు జెరమొస్తె రోజూ పోయి సూసుకున్నవ్ తమ్మీ. గంత జేసిన నీ కష్టం గూడ మట్టిపాలాయె."

బావ తలెత్తకుండా తింటున్నాడు. నేను ఇంకొంచెం పులుసు పోయించుకున్నాను.