పెద్దక్క గుర్తు

మా వీధిలో ఎవరి చొక్కా కాలరు తిప్పి చూసినా లోపల ఒక నల్ల గుర్తు ఉంటుంది. బడి కాపలాదారుకి నిలువు గీత, మందుల కొట్టాయనకి అడ్డగీత, మా ఇంటికి గుండుసున్నా. ఇవన్నీ లాండ్రీ పెద్దక్క పెట్టినవే. పుల్ల కొస నలగ్గొట్టి, ఉతికినా పోని ఇంకులో ముంచి, అలా తాకించేది. బట్ట చిరిగిపోవాలే గానీ గుర్తు చెరిగేది కాదు.

కొన్ని బట్టలకి పక్కపక్కనే రెండు గుర్తులుంటాయి. మొదటిది మనిషిది. రెండోది, ఆ మనిషి ఇంట్లో లేకపోతే బట్ట ఎవరికి అప్పగించాలో వాళ్ళది. మందుల కొట్టాయన అత్తగారి చీరలకి ఆవిడ గుర్తు పక్కన అల్లుడిగారి అడ్డగీత ఉండేది. ఒకరి బట్ట ఇంకొకరింటికి వస్తే, గుర్తు చూసి ఎవరిది వాళ్ళకి చేర్చేస్తాం. మా వీధికి వేరే మంచితనం ఏమున్నా లేకపోయినా ఈ ఒక్కటీ ఉంది.

పెద్దక్కకి తోడికోడలు చిన్నక్క. మొగుళ్ళిద్దరూ ఒకరి వెనక ఒకరు పోయాక ఆడవాళ్ళిద్దరే లాండ్రీ నడుపుకున్నారు. ముందుగది కొట్టు, వెనకగది ఇల్లు. ఉతుకూ గుర్తులూ పెద్దక్కవి, ఇస్త్రీ చిన్నక్కది. ఇద్దరికీ క్షణం పడేది కాదు, క్షణం విడిచి ఉండేవాళ్ళూ కారు.

చిన్నక్కది చేతికి ఏది దొరికితే అది వాడేసుకునే రకం. అక్క దువ్వెన, అక్క చెప్పులు, అక్క గొడుగు. పెద్దక్క చూసి చూసి ఒకరోజు ఇంకుబుడ్డి తెచ్చుకుని తన సామాను మొత్తానికి గుర్తు పెట్టేసింది. ఒక చుక్క, చుక్కకి చిన్న తోక.

"ఇకమీద చుక్కున్నది ముట్టుకున్నావంటే నీ చెయ్యి ఇస్త్రీ చేస్తా."

"నీ మొహానిక్కూడా ఒకటి పెట్టుకో అక్కా, ముద్దొచ్చి ఎవరైనా ఎత్తుకుపోతారేమో!"

పోయిన వానల్లో పెద్దక్క జ్వరమొచ్చి పోయింది. మంచం పట్టిందో లేదో, వెళ్ళిపోయింది.

తర్వాత చిన్నక్క వెనకగదిలోకి వెళ్ళడం మానేసింది. ఇస్త్రీ బల్ల కిందే చాప వేసుకుని పడుకునేది. ఏమిటే అంటే చెప్పేది కాదు. ఒక మధ్యాహ్నం నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. "వాసన చూడు" అంది. చూశాను. తడిబట్ట మీద వేడి ఇస్త్రీపెట్టె ఆనించినప్పుడు వచ్చే వాసన. పెట్టె ముందుగదిలో చల్లగా పడుంది. తీగ మీద ఒక్క బట్ట లేదు.

"కుర్చీ కూడా కిర్రుమంటుందమ్మా. ఎవరో లేచినట్టు కాదు, కూర్చున్నట్టు." గొంతు తగ్గించి అంది. "ఈ సామాను ఉన్నంతకాలం అక్క పోదు. అక్క పోయేదాకా నాకు కునుకు లేదు. ఇవన్నా బయటికి పోవాలి, లేకపోతే కొట్టుకి తాళమేసి నేనన్నా పోవాలి."

సరే, తీసెయ్యమన్నాను. అక్క పీట చెత్తకుండీ పక్కన పెట్టి వచ్చింది. గొడుగూ చెప్పులూ పాత సామాన్లవాడికి ఇచ్చేసింది. దుప్పటి ఎవరికైనా పనికొస్తుందని బస్సులు ఆగే చోట బెంచీ మీద వదిలేసింది.

పొద్దున తలుపు తీస్తే గుమ్మంలో పీట. మర్నాడు గొడుగు. ఆ తర్వాత చెప్పులు, జంటగా, ముక్కులు ఇంట్లోకి తిప్పి. చిన్నక్క మొహం తెల్ల పంచెలా పాలిపోయింది. మళ్ళీ పీట తీసుకెళ్ళి ఇంకా దూరంగా పారేసి వచ్చి, కిటికీ వెనక నిలబడి కాపు కాసింది. చూస్తుండగానే బడి కాపలాదారు పీటని చంకన పెట్టుకుని తాపీగా వచ్చి గుమ్మంలో దించాడు.

"ఏం బావా, ఏంటిది?"

"మీ అక్కదే కదా చిన్నక్కా! గుర్తు ఉందిగా! ఎవడో దరిద్రుడు కాలవగట్టున పడేశాడు. కళ్ళు పోతాయి వాడికి."

"వాడు కాదు బావా, ఆడది. ఆ దరిద్రురాలిని నేనే."

అప్పుడు అర్థమైంది, ఇది దెయ్యం పని కాదు, వీధి పని అని. పాత సామాన్లవాడి బండిలో గొడుగు చూసి మందుల కొట్టాయన విడిపించుకొచ్చాడట. చెప్పులు పాలమ్మాయి తెచ్చిందట. నవ్వుకున్నాం. కానీ దుప్పటి కూడా వచ్చింది. అది తెచ్చామని మాత్రం ఎవరూ అనలేదు. మడత చూసి చిన్నక్క నవ్వు ఆగిపోయింది. అంచులు లోపలికి తిప్పి, మూల బయటికి లాగి పెట్టిన మడత. అలా మడిచే చెయ్యి ఆ ఇంట్లో ఒక్కటే ఉండేది.

ఇక గుర్తులే చెరపాలని కూర్చుంది. పీటని గాజుపెంకుతో గీకింది. గిన్నెల్ని ఇసకేసి తోమింది. దుప్పటి మూల కత్తిరించి పారేసింది. "పోవే తల్లీ, పో" అంటూ ఏడుస్తూ తోమింది. నాతో మాట్లాడుతోందో, గిన్నెతోనో, అక్కతోనో నాకు తెలియలేదు. గుర్తు పోయిన సామాను వెళ్ళింది వెళ్ళినట్టే పోయింది. ఒక్కటీ తిరిగి రాలేదు. వెనకగది కడిగి, చాప లోపల వేసుకుంది. వాసన లేదు. కిర్రుమనడానికి కుర్చీయే లేదు. హాయిగా నిద్రపోతున్నానని నాతో అంది. పెట్టె మీద చెయ్యి కూడా తేలికపడింది.

ఒక సాయంత్రం నేను బట్టలివ్వడానికి వెళ్ళేసరికి తన ఆకుపచ్చ జాకెట్టు బల్ల మీద పరుచుకుని, పెట్టె గాల్లో పట్టుకుని, అలాగే నిలబడిపోయి ఉంది.

మెడపట్టీ లోపల చిన్నక్క గుర్తు, ఇంటూ మార్కు. దాని పక్కనే చుక్క, చుక్కకి చిన్న తోక.

తీగ మీద ఉన్న తన జాకెట్లన్నీ లాగి చూశాం. అన్నిటికీ రెండు గుర్తులే. ఇన్నాళ్ళూ ఇస్త్రీ చేస్తూ కూడా, తనవే కదా అని మెడ తిప్పి చూసుకోలేదట.

"ఎప్పుడో పెట్టి ఉంటుందిలే, నువ్వెక్కడ తప్పిపోతావోనని బెంగ" అన్నాను.

"మిగతావి సరేనమ్మా. ఈ ఆకుపచ్చది అక్క పోయాక కుట్టించింది."

దర్జీని పిలిచి అడిగాం. కొలత తీసి తలుపు దాటేలోపే మర్చిపోయే మనిషతను. కానీ ఆ మాట మాత్రం తడుముకోకుండా చెప్పాడు. "పోయాకేనండీ. ఆ రోజు చిన్నక్క ఏడుస్తుంటే నేను టేపు కూడా సరిగ్గా పట్టలేకపోయాను."

అతను వెళ్ళిపోయాడు. రెండు గుర్తులకి అర్థమేమిటో మా ఇద్దరికీ తెలుసు. ఈ మనిషి దిక్కులేకుండా కనిపిస్తే, తెచ్చి నాకు అప్పగించండి. మా వీధిలో గుర్తున్నదాన్ని అప్పగించకుండా ఎవరూ ఉండరు.

గాజుపెంకు కిటికీలోనే ఉంది. బట్ట కాబట్టి కత్తెరైతే నయం. చిన్నక్క కత్తెర తీసింది, మెడపట్టీ దగ్గర పెట్టింది, కాసేపు అలాగే ఉంచింది. తర్వాత కత్తెర సొరుగులో పడేసి, జాకెట్టు మీద నీళ్ళు చిలకరించి, పెట్టె ఆనించింది. ఆనాడు వెనకగదిలో వచ్చింది ఈ వాసనే.

వెనకగది తలుపు వైపు తిరిగి, కొట్టుకొచ్చిన మనిషికి చెప్పినట్టే చెప్పింది.

"ఇంకా ఇస్త్రీ కాలేదక్కా. అయ్యాక పట్టుకెళ్దువుగాని."