నేనడిగిన నాలుగు దినాలు

అందరు మంచిగున్నరా? అక్కలకు మోకాళ్ల నొప్పులు ఎట్లున్నయి? బొగ్గుబాయి పని ఇడిసిన అన్నలకు దగ్గు తగ్గిందా? కోడండ్లు, పిల్లలు పైలమేనా? అడగకుంటే నాకు పానం నిమ్మళంగుండది. మీకు ఎరుకైందో లేదో, మన కాలనీల కాన్పులు చేసిన డాక్టరమ్మ మొన్న బుధవారం పోయింది. తెలంగాణ వచ్చుడు కండ్ల సూసే పోయింది.

కడుపు మీద చెయ్యి పెట్టేముందు ఆమె రెండు చేతులు రుద్దుకొని వెచ్చగ చేసుకునేది. "సల్లటి చెయ్యి తాకితే లోపలిది ఉలిక్కిపడతది" అనేది.

పదేండ్ల కింద నా బిడ్డకు తొలిచూలు. కడుపుల పిల్ల పెరుగుతలేదు. బొడ్డుతాడుల నెత్తురు సరిగ పారుతలేదని స్కానింగుల తేలింది. పిల్ల ఊపిరితిత్తులు గట్టివడాలని డాక్టరమ్మ రెండు దినాలు సూదులేయించింది. పొద్దుమాపు గుండె సప్పుడు ఇన్నది. "ముందుగాల తీస్తే ఊపిరికి తిప్పల అవ్వా, లోపలుంచితే తిండికి తిప్పల. ఏ తిప్పల చిన్నదో సూస్తున్న" అన్నది.

నాకు ఒక్కటే ఫికర్. ఏడో నెలల పుట్టింది బతుకుతది గని ఎనిమిదో నెలల పుట్టింది దక్కదని మా అవ్వ చెప్పేది. తొమ్మిది పడనీకి ఇంక నాలుగు దినాలే. ఆగుమని బతిమిలాడిన. "నీ ఫికర్ల సగం నాకియ్యరాదు, నాకు నిద్ర ఎక్కువైతుంది" అని నవ్వింది.

తెల్లారి నా బిడ్డ, "అమ్మా, పిల్ల తిరుగుడు తక్కువైంది" అన్నది. చెప్పకుమన్న. డాక్టరమ్మ వచ్చి అడిగితే బిడ్డ నోరు తెరవకముందే, "మస్తు తన్నుతుంది" అన్న.

ఆమె నా మొఖం సూసింది. "అవ్వా, జర చాయ తాగిరాపో."

తాగొచ్చేసరికి బిడ్డను ఆపరేషనుకు తీస్కపోతున్నరు.

పిల్ల కిలో మీద జరంత. నెల దాటినంక అద్దాలపెట్టెల నుంచి ఇంటికి తెచ్చుకున్నం. డాక్టరమ్మ నన్ను తిట్టలే. "ఏ నెలనో పిల్లకు తెల్వదవ్వా, ఆకలే తెలుస్తది" అన్నది, గంతే. తర్వాత బజార్ల ఎన్నిసార్లు ఎదురైనా, అబద్ధం చెప్పిన, మాఫ్ చెయ్యమ్మా అననీకి నాకు నోరు రాలే.

ఆఖరుసూపుకు పోయినం. అప్పటి ఆ పిల్లనే, నా మనుమరాలు, డాక్టరమ్మ చేతులు పట్టుకొని రుద్దుకుంట కూసున్నది. "సల్లగున్నయి అమ్మమ్మా" అన్నది.

వచ్చే ఐతారం పొద్దుగాల తొమ్మిదింటికి ముగ్గురం సమాధి కాడికి పోతున్నం. ముందుగాల నా బిడ్డను మాట్లాడనిస్త. ఆ తర్వాత నేను చెప్త.